జింక వేటలో సెంట్ స్ప్రేలు, డో యూరిన్ నిజంగా పనిచేస్తాయా?

అడిగిన ప్రశ్న ఇది: "పెన్సిల్వేనియాలో ఈ ఏడాది మొదటిసారి ఆర్చరీ (విల్లుతో వేట) సీజన్‌కి వెళ్తున్నాను. షాపులో వాసన పోగొట్టే స్ప్రే, సబ్బు, కార్బన్ జాకెట్, డో యూరిన్ (ఆడ జింక మూత్రం) అన్నీ కలిపితే 300 డాలర్లు దాటుతోంది. వీటివల్ల ఉపయోగం ఉందా, డబ్బు దండగేనా?"

ఆ 300లో ఓ 40 డాలర్ల సరుకు పనికొస్తుందండీ. అదీ గాలి లెక్క తెలిసినవాళ్లకే. తెల్లతోక జింక ముక్కుకు అందకుండా మనిషి వాసనను పూర్తిగా పోగొట్టే వస్తువు ఏ షాపులోనూ దొరకదు, డబ్బా మీద ఏం రాసున్నా సరే. తగ్గించేవి మాత్రం ఉన్నాయి. వాసన తగ్గితే జింక ఒక్కసారిగా తోక ఎత్తి పరుగు తీయకుండా, ఆగి, కాలు నేలకేసి కొట్టి, అటూ ఇటూ చూస్తుంది. విల్లు లాగేవాడికి ఆ నాలుగైదు సెకన్లు చాలు. అంతకుమించి ఆశ పెట్టుకోకండి. మీరు చెట్టెక్కి కూర్చున్నంతసేపూ ఊపిరి వదులుతూనే ఉంటారు, ఒంటి మీది పొట్టు రాలుతూనే ఉంటుంది. ఊపిరికి స్ప్రే కొట్టలేం కదా. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో కార్బన్ బట్టలు (వాసన పీల్చే బొగ్గు పొర ఉన్నవి) వేసుకుని దాక్కున్న మనుషులను కూడా వెతికే కుక్కలు దాదాపు అన్నిసార్లూ పట్టేశాయి. జింక ముక్కు కుక్క ముక్కుకు తీసిపోయేది కాదు.

అందుకని ముందు గాలి సంగతి. ఫోన్‌లో యాప్ చూపించే గాలి ఆ జిల్లా మొత్తానిది, మీరు కూర్చునే లోయలోది కాదు. పౌడర్ బుడ్డి నొక్కితే ఐదారు అడుగుల దాకా తెలుస్తుంది, తర్వాత ఏమీ కనిపించదు. దానికంటే మిల్క్‌వీడ్ దూది ఎంతో మేలు. మన జిల్లేడుకు చుట్టమే అది. అక్టోబరుకల్లా కాయలు ఎండి పగులుతాయి. దారి పక్కన రెండు కాయలు కోసి జేబులో వేసుకుంటే సీజనంతా వస్తాయి. గింజ గిల్లేసి, ఒక్క పోగు స్టాండ్ (చెట్టుకు కట్టుకుని కూర్చునే పీట) ఎత్తు నుంచే వదిలి, కళ్లు తిప్పకుండా చూడండి. మొదటి 20 గజాలు తిన్నగా పోతుంది. అక్కడ వాగు పల్లం తగలగానే కిందికి దిగి, గిర్రున ఒక చుట్టు చుట్టి, మళ్లీ మీ చెట్టు కిందికే వస్తుందనుకోండి, మీ వాసనా అలాగే తిరిగొస్తుంది. ఆ చెట్టు వదిలేయాల్సిందే, దానికి ఏ స్ప్రే మందు కాదు. గాలి గంటకు 3 మైళ్లు ఉన్న రోజు కంటే 10 మైళ్లు ఒకే దిక్కున తోలే రోజు నయం. మెత్తటి గాలే దిక్కులేకుండా తిరుగుతుంది.

కొండ వాలు మీద ఇంకో చిక్కు ఉంది. పొద్దున ఎండ తగిలి వాలు వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, సాయంత్రం నేల చల్లబడేకొద్దీ పల్లానికి జారుతుంది. కాబట్టి పొద్దున జింకల దారికి ఎగువన, సాయంత్రం దిగువన కూర్చోవాలి. తెల్లవారకముందే ఎక్కేవాళ్లు ఒకటి మరిచిపోతారు: ఎండ వాలు మీద పడేదాకా గాలి ఇంకా కిందికే జారుతుంటుంది. ఆ మొదటి గంట మీ వాసన ఎటు పోతుందో కూడా చూసుకునే చెట్టు ఎంచుకోవాలి.

ఇక బట్టలు. మన ఇళ్లలో పరిస్థితి వేరని చెప్పక తప్పదు. అపార్ట్‌మెంట్లో కోట్లు తగిలించే అల్మారా వంటింటి పక్కనే ఉంటుంది. ఇంగువ వాసన గంధకపు సమ్మేళనాలది, నూనె పొగతో కలిసి ఫ్లీస్ బట్టలో దిగిందంటే ఒక్క ఉతుకుకు వదలదు. వేట బట్టలు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గరాజ్‌లోనో కారు డిక్కీలోనో ఉంచండి. వాసన లేని డిటర్జెంట్‌తో రెండుసార్లు ఉతికి, బయట తీగ మీద ఆరేయండి. డ్రయర్ షీట్ వద్దు. డిటర్జెంట్లో ఆప్టికల్ బ్రైట్‌నర్లు (బట్టను తళతళలాడించే రసాయనాలు) లేకుండా చూసుకోండి. జింక కన్ను నీలం, అతినీల కాంతిని మనకంటే బాగా పట్టుకుంటుంది, బ్రైట్‌నర్ ఎక్కిన బట్ట దానికి మెరుస్తూ కనిపిస్తుంది. ఆ బట్టలు కారులో వేసుకోవద్దు, పెట్రోలు బంకు దగ్గర అసలే వద్దు, అడవి దగ్గర దిగాకే మార్చుకోండి. అందరూ చొక్కా, ప్యాంటు ఉతుకుతారు కానీ టోపీ, బ్యాక్‌ప్యాక్ పట్టీలు, చేతి తొడుగులు ఎవరూ ఉతకరు. చెమటంతా ఉండేది అక్కడే. తలకు కొబ్బరినూనె ముందు రోజే మానేయండి. తోలు బూట్లు వాసన పీల్చుకుని దారంతా వదులుతాయి, మోకాలు దాకా వచ్చే రబ్బరు బూట్లు వాడండి.

స్ప్రే కొనక్కర్లేదు, ఇంట్లో కలుపుకోవచ్చు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 16 ఔన్సులు (సుమారు 475 మి.లీ.), డిస్టిల్డ్ వాటర్ అంతే, బేకింగ్ సోడా పావు కప్పు, వాసన లేని షాంపూ 1 ఔన్సు. వెడల్పు మూతి గిన్నెలో కలిపి, మూత వదులుగా పెట్టి రెండు మూడు రోజులు ఉంచాకే స్ప్రే సీసాలో పోయాలి. తొందరపడి వెంటనే సీసాలో పోసి మూత బిగిస్తే లోపల గ్యాస్ నిండి సీసా పగులుతుంది. ఎండ తగిలితే పెరాక్సైడ్ విరిగి ఉత్త నీళ్లవుతుంది, చీకట్లో దాచాలి. బట్ట రంగు పోగొట్టే గుణం కూడా దానికుంది, ముందు జాకెట్ లోపలి అంచున ఒక చుక్క వేసి చూసుకోండి. ఎంత బాగా కలిపినా అర మైలు బరువు మోసి చెమట పట్టించుకుంటే అంతా వృథా. పల్చటి చొక్కాతో నెమ్మదిగా నడిచి, జాకెట్ స్టాండ్ దగ్గరకు చేరాక తొడుక్కోవాలి.

కార్బన్ బట్టల గురించి ఎక్కువ చెప్పను. యాక్టివేటెడ్ కార్బన్ నిండాక మళ్లీ పూర్తిగా ఖాళీ కావాలంటే కొన్ని వందల డిగ్రీల వేడి కావాలి, ఇంటి డ్రయర్‌కి అంత వేడి లేదు. ఓజోన్ యంత్రం డబ్బాలో పెట్టిన బట్టల వాసన కొంత తగ్గిస్తుంది నిజమే, కానీ ఓజోన్ రబ్బరును చీలుస్తుంది. ప్యాంటు ఎలాస్టిక్, బూట్లు అందులో పెట్టకండి. ఆ గాలి పీల్చొద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. నక్క మూత్రం, పైన్ వాసన లాంటి 'కవర్ సెంట్'లకు డబ్బు పెట్టకండి. బిర్యానీ మూత తీయగానే లవంగం, యాలకులు, పుదీనా దేనికది తెలిసినట్టే, జింకకు నక్క వాసన వేరుగా, మీ వాసన వేరుగా తెలుస్తాయి.

డో యూరిన్ సంగతి వేరు. సరైన సమయంలో, సరైన చోట పెడితే బక్‌ను, అంటే మగ జింకను, నిజంగానే మళ్లిస్తుంది. కొనేముందు చట్టం చూడండి. జింకలకు వచ్చే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బును 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు. దాన్ని కలిగించే ప్రియాన్లు (చెడిపోయిన ప్రొటీన్లు) మూత్రంలో, లాలాజలంలో బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. సీసాలో అమ్మేది పెంపకపు జింకల మూత్రం. అందుకే వర్జీనియా 2015 నుంచి సహజ మూత్రాన్ని నిషేధించింది. మీ పెన్సిల్వేనియాలో డిసీజ్ మేనేజ్‌మెంట్ ఏరియాల్లో (ఈ జబ్బు కోసం ప్రత్యేక నియమాలు పెట్టిన ప్రాంతాల్లో) వాడకూడదు. ఆ హద్దులు మారుతుంటాయి కనుక ఈ ఏటి డైజెస్ట్‌లో (రాష్ట్ర వేట నియమాల పుస్తకంలో) మ్యాప్ చూసుకోండి. సింథటిక్ (కృత్రిమంగా చేసినది) తీసుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

సమయం: అక్టోబరు మొదట్లో ఎదకొచ్చిన డో వాసన వాడితే దండగ, బక్కులు ఇంకా ఆ ధ్యాసలో ఉండవు. అక్టోబరు ఆఖరి వారం నుంచి నవంబరు 10 దాకా మంచి అదును. బక్కులు తిరుగుతుంటాయి, డోలు ఇంకా సిద్ధం కావు. నవంబరు మధ్యలో ఎద ముదిరాక బక్ పక్కనే నిజమైన డో ఉంటుంది, మీ సీసా వాసనకు అది కదలదు. కట్టని డోలు మళ్లీ సుమారు 28 రోజులకు ఎదకొస్తాయి కాబట్టి డిసెంబరు రెండో వారం ఒక ప్రయత్నం చేయొచ్చు. పోయినేటి సీసా పారేయండి. మూత్రం నిలవుంటే అమ్మోనియా అవుతుంది. తెరిచినది చల్లగా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఇంట్లో జరిగేదానికి నా పూచీ లేదు.

పెట్టే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. ముదురు బక్ వాసన వైపు తిన్నగా రాదు, గాలివాలు వైపు నుంచి చుట్టుకొస్తుంది. సీసా వాసన మీ చెట్టు కిందే పెడితే అది చుట్టుకొచ్చేది మీ వాసనలోకే. గాలి పడమర నుంచి తూర్పుకు తోలుతోందనుకోండి. దూదికి అర చెంచా పట్టించి, మీకు ఉత్తరాన 20 గజాలు, అక్కడి నుంచి పడమరకు ఓ 15 గజాలు జరిపి, నాలుగడుగుల ఎత్తు కొమ్మకు వేలాడదీయండి. దాని గాలివాలుకు వచ్చిన బక్ మీకు ఉత్తరాన 20 గజాల్లో, అడ్డంగా నిలబడుతుంది. మీ వాసన దాని పక్కనుంచి తూర్పుకు పోతుంది. మీకు తూర్పున వాగో, గట్టు కోతో ఉండి జింక అటు తిరగలేని చోటు దొరికితే ఇంకా మంచిది. చేతికి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, ఒక్క చుక్క కూడా మీ బట్టల మీద పడకూడదు. దిగేటప్పుడు దూది జిప్ కవర్లో వేసి వెంట తెచ్చుకోండి. వదిలేస్తే రాత్రి వచ్చి చూసిన బక్‌కు అక్కడ డో లేదని తెలిసిపోతుంది.

తాడుకు గుడ్డ కట్టి ఈడ్చే 'డ్రాగ్' వాడితే, ప్రతి 50 గజాలకూ గుడ్డను మళ్లీ తడపండి. స్టాండ్ దగ్గరికొచ్చేకొద్దీ వాసన ఎక్కువవ్వాలి. మొదట్లో ఒక్కసారే తడిపితే వాసన కారు నిలిపిన చోట ఎక్కువ, చెట్టు దగ్గర తక్కువ అవుతుంది, బక్ వెనక్కు నడుస్తుంది. మాక్ స్క్రేప్ (బక్ నేల గీరినట్టు మనం చేసే నకిలీ గుర్తు) చేసినా దానిమీద వేటకు కూర్చోకండి, వాటి దగ్గరికి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. కెమెరా పెట్టుకోవడానికి పనికొస్తుంది. అక్కడ కూడా కాళ్లతో గీరిన నేల కంటే, దాని పైన ఐదడుగుల ఎత్తులో వంగిన కొమ్మ ముఖ్యం, బక్కులు నుదురు, కంటి గ్రంథులు రాసేది ఆ కొమ్మకే.

టెక్సాస్‌లో ఉండేవాళ్ల కోసం ఒక మాట. 1932లో అక్కడికి తెచ్చిన ఆక్సిస్ జింక మన చుక్కల దుప్పే. దాని ఎద కాలం వేరు, వైట్‌టెయిల్ డో యూరిన్ దానికి పనిచేయదు. ఇండియాలో 1972 చట్టం ప్రకారం దుప్పిని వేటాడడం నేరం కాబట్టి, సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఈ విద్యలేవీ అక్కడ వాడకండి.

మీ 300లో రబ్బరు బూట్లు ముందే ఉంటే, వాసన లేని సబ్బు, డిటర్జెంట్, మూత డబ్బా, పెరాక్సైడ్, చిన్న సింథటిక్ సీసా 40 డాలర్లకు అటూ ఇటూగా వస్తాయి. మిగిలినదానితో ఇంకో స్టాండ్, దానికో హార్నెస్ (కింద పడకుండా చెట్టుకు కట్టుకునే పట్టీ) కొనుక్కోండి. ఒకటి వాయవ్యపు గాలికి, ఇంకోటి దక్షిణపు గాలికి కట్టుకోండి. తూర్పు గాలి తోలిన రోజు రెండింటికీ పోవద్దు.