డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చే ముందు, ఎక్కడ ఖర్చు పెడతారో తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ నాన్నగారు పోయాక హన్మకొండ ఇల్లు అమ్మారు, మీ వాటా కోటీ పది లక్షలు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్‌ఆర్‌ఐలు ఇండియాలో వచ్చిన డబ్బు ఉంచుకునే రూపాయల ఖాతా) పడి ఉంది, నర్సంపేట దగ్గర రెండెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి, మీరేమో డల్లాస్‌లో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు. అక్కడే ఎఫ్‌డీ వేయాలా, ప్లాటు కొనాలా, ఇటు తెచ్చి షేర్లలో పెట్టాలా అని అడుగుతున్నారు. మాదీ హన్మకొండే, సుబేదారి. బాపు పోయాక మేమూ ఇల్లు అమ్మి అమ్మ, నేను, చెల్లె మూడు వాటాలు చేసుకున్నాం. నేనుండేది న్యూజెర్సీలో, కాబట్టి ఈ దారంతా నాకు తెలిసిందే.

అందరూ మీకు వడ్డీ రేట్లు చెబుతారు. నేను మాత్రం ఇంకో పదేళ్లలో ఈ డబ్బు ఏ దేశంలో ఖర్చవుతుందని అడుగుతాను. పిల్లల కాలేజీ, ఇంటి లోను అమెరికాలోనే ఉంటే డబ్బు డాలర్లలో ఉండాలి. నాలుగైదేళ్లలో వరంగల్‌కో హైదరాబాద్‌కో తిరిగి వెళ్లేది నిజమైతే రూపాయల్లో ఉన్నా ఇబ్బంది లేదు. ఇది తేలకుండా ఏడు శాతం ఎక్కువా నాలుగు శాతం ఎక్కువా అని పోల్చి లాభం లేదు. 2014లో డాలర్ అరవై రూపాయల చుట్టూ ఉండేది, 2024 చివరికి ఎనభై ఐదు దాటింది. అంటే ఏటా మూడు శాతం పైనే రూపాయి విలువ తగ్గింది. అక్కడ ఎక్కువ వచ్చినట్టు కనిపించే వడ్డీలో పెద్ద భాగం అక్కడికే సరి. పైగా ఎన్‌ఆర్‌ఓ ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు ముప్పై శాతం, దాని మీద సెస్సు కలిపి టీడీఎస్‌గా, అంటే వడ్డీ మీ చేతికి రాకముందే పన్నుగా, పట్టుకుంటుంది. అమెరికాలో పన్ను కడుతున్నట్టు ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ ఇస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం పదిహేను శాతానికి తగ్గుతుంది. అదే వడ్డీని అమెరికా రిటర్న్‌లో కూడా చూపించాలి.

పన్ను సంగతికొస్తే, మీకు నిద్ర పట్టనివ్వని భయాల్లో సగం అనవసరం. ఇండియాలో వారసత్వ పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. అమెరికాలో కూడా ఇండియా నుంచి వచ్చిన వారసత్వం మీకు ఆదాయం కాదు, దాని మీద పన్ను కట్టక్కర్లేదు. కానీ చెప్పి తీరాలి. విదేశీయుల నుంచి వచ్చిన వారసత్వం ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే 3520 అనే ఫారం వేయాలి, మీ వాటా కచ్చితంగా దాటుతుంది. వేయకపోతే జరిమానా నెలకు ఐదు శాతం చొప్పున ఇరవై ఐదు శాతం దాకా పోవచ్చు. పన్నే లేని డబ్బులో పాతిక శాతం కాగితం వేయనందుకు పోవడమంటే ఎంత అన్యాయమో చూడండి. ఏ సంవత్సరం లెక్కలో చూపించాలన్నది మాత్రం ఇలాంటి ఫారాలు ఇదివరకు వేసిన సీపీఏతో (అమెరికాలో మన సీఏ లాంటివారు) కూర్చుని తేల్చుకోండి. జీతం రిటర్న్‌లు మాత్రమే వేసేవాళ్లలో చాలామందికి దీని పేరు కూడా తెలియదు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు పదివేల డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాలు చూపించే ఫారం) వేయాలి, ఈ డబ్బు ఖాతాలో పడ్డరోజే మీరు ఆ లెక్కలోకి వచ్చేశారు. విదేశీ ఆస్తులు చూపించే 8938 ఫారం గురించి కూడా అడగండి.

ఇల్లు అమ్మిన లాభం వేరే కథ. ఇండియా దృష్టిలో ఇల్లు మీ నాన్నగారు కొన్నప్పటిది, అందుకే లాభం పెద్దగా కనిపిస్తుంది. 2001 ఏప్రిల్‌కు ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువను ఖరీదుగా తీసుకోవచ్చు, దానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 23న గానీ ఆ తర్వాత గానీ అమ్మితే పన్నెండున్నర శాతం పన్ను, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు ఖరీదును పెంచి లెక్కించడం) లేదు. ఇండియాలో ఉండేవాళ్లకు పాత పద్ధతి ఎంచుకునే వీలుంది, మన ఎన్‌ఆర్‌ఐలకు లేదు. అమెరికా దృష్టిలో మాత్రం ఆ ఇంటి ఖరీదు మీ నాన్నగారు పోయిన రోజున ఉన్న విలువ, తర్వాత కొద్ది నెలల్లోనే అమ్మితే లాభం దాదాపు సున్నా. వినడానికి బాగుంది కదా, కానీ ఇండియాలో కట్టిన పన్నును అమెరికాలో తగ్గించుకోవడానికి ఇక్కడ పన్నంటూ ఉండాలి! వాడుకోని ఆ పన్ను క్రెడిట్ పదేళ్ల దాకా ముందుకు జరుగుతుంది, ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద పన్నుకు కొంత వాడుకోవచ్చు, అంతే. అందుకే మీరు అమ్మి ఆరు నెలలు దాటకపోతే 54ఈసీ బాండ్ల (ఆస్తి అమ్మిన లాభాన్ని పెట్టి పన్ను తప్పించుకునే బాండ్లు) గురించి ఈ వారంలోనే అడగండి. యాభై లక్షల దాకా పెట్టొచ్చు, పెట్టిన మేరకు లాభం మీద ఇండియా పన్ను పడదు, కాకపోతే డబ్బు ఐదేళ్లు కదలదు, వడ్డీ తక్కువ, రూపాయి పడితే ఆ నష్టమూ మీదే.

ఇంకా అమ్మనివాళ్లు చదువుతుంటే వాళ్లకోసం ఒక్కమాట. మా రిజిస్ట్రేషన్ రోజున కొనేవాళ్లు ఒక్క శాతం టీడీఎస్ లెక్క వేసుకుని వచ్చారు, డాక్యుమెంట్ రైటర్ కూడా "అందరూ అంతే కడతారమ్మా" అన్నాడు. ఒక్క శాతం అనేది అమ్మేవాళ్లు ఇండియాలో ఉంటేనే. అమ్మ వాటాకూ చెల్లె వాటాకూ అది సరిపోతుంది, నా వాటాకు ఎన్‌ఆర్‌ఐలకు అప్పుడు వర్తించే 195 సెక్షన్ కింద, అంతకంటే ఎక్కువ పట్టుకోవాలి. నా జీపీఏ (నా తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) పట్టుకుని చెల్లె ఆ ఆఫీసు వరండాలో నిలబడి, మా సీఏను ఫోన్‌లో పెట్టి, కొనేవాళ్లకు గంటసేపు చెప్పించింది. తక్కువ పట్టుకుంటే రేపు నోటీసు వచ్చేది కొన్నవాళ్లకే అని అర్థమయ్యాకే సంతకాలు జరిగాయి. ఈ గొడవ రిజిస్ట్రేషన్ రోజు కాదు, అగ్రిమెంటు రాసుకునే రోజే తేల్చుకోవాలి. ఇక్కడ కాన్సులేట్‌లో చేయించిన జీపీఏ ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలన్నది కూడా మరవొద్దు.

డబ్బు ఇటు తేవడం కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సేల్ డీడ్, పన్ను కట్టిన చలాన్లు ఇస్తే మా సీఏ పన్ను సంగతి తేలిందని 15సీబీ సర్టిఫికెట్ ఇచ్చారు, డబ్బు బయటికి పంపుతున్నామని తెలిపే 15సీఏ ఫారం ఆన్‌లైన్‌లో వేశాం. మేం ఇచ్చిన కాగితమే బ్యాంకువాళ్లు మళ్లీ మళ్లీ అడిగారు, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా పెట్టుకోండి.

ఇటు వచ్చాక ఏం చేయాలి? నేను తెచ్చిన డబ్బును మొదట ట్రెజరీ బిల్లుల్లో (అమెరికా ప్రభుత్వం తీసుకునే స్వల్పకాలిక అప్పు) పెట్టి కొన్ని నెలలు ముట్టుకోలేదు. బాపు ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి కట్టిన ఇల్లు అది, దినాలైన కొత్తలో దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోబుద్ధి కాలేదు, తీసుకోకూడదు కూడా. తర్వాత కొంత ఇంటి లోనుకు కట్టి, మిగతాది మొత్తం మార్కెట్‌ను అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా వేశాను. మీ పరిస్థితి కొంచెం వేరు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి మీకుండేది అరవై రోజులు, కాబట్టి కనీసం ఏడాది ఖర్చులు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచాకే షేర్ల మాట. ఇంకో సంగతి, ఇది చాలామంది చెప్పరు: అమెరికా షేర్లు ఉంచుకుని మీరు ఇండియాకు వెళ్లి స్థిరపడిపోతే, ఆ తర్వాత మీకేమైనా అయితే అరవై వేల డాలర్లు దాటిన వాటి మీద అమెరికా ఎస్టేట్ ట్యాక్స్ పడుతుంది, నలభై శాతం దాకా. ఈ పన్ను విషయంలో ఇండియాతో ఒప్పందం లేదు. వెళ్లేటప్పుడు ఆ లెక్క చూసుకుని వెళ్లాలి.

దయచేసి చేయకండి అని చెప్పేది ఒకటుంది. ఇక్కడ పన్ను కడుతున్నంత కాలం ఇండియా మ్యూచువల్ ఫండ్లు కొనకండి. అమెరికా వాటిని పీఎఫ్‌ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీ) అంటుంది. లాభాన్ని ఉంచుకున్న ఏళ్లకు పంచి, అత్యధిక రేటున పన్ను వేసి, పైన వడ్డీ కలుపుతుంది. ఫండుకొక 8621 ఫారం, దానికి సీపీఏ ఫీజు వేరే. అక్కడ బాగా పెరిగిందని సంతోషపడేలోపు ఇక్కడ హరించుకుపోతుంది. నేరుగా కంపెనీ షేర్లు కొంటే మామూలుగా ఈ బాధ ఉండదు.

ప్లాటు గురించి మీ మేనమామ ఒత్తిడి చేస్తున్నారని రాశారు. వరంగల్ దగ్గర మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చినప్పటి నుంచి మా బంధువుల్లో కూడా అదే మాట. భూమి పెరగదని నేననను. కానీ మీరు డల్లాస్‌లో ఉండి హద్దురాయి కదిలిందో లేదో చూసుకోలేరు, అవసరానికి నెలలో అమ్ముకోలేరు. ఎన్‌ఆర్‌ఐగా వ్యవసాయ భూమి అసలు కొనకూడదు. ఎవరి పేరునో కొని మీరు డబ్బు కట్టే ఆలోచన ఉంటే వెంటనే వదిలేయండి, అది బినామీ కేసు దాకా పోతుంది. వారసత్వంగా వచ్చిన రెండెకరాలు మాత్రం నిశ్చింతగా ఉంచుకోవచ్చు, అమ్మాలనుకుంటే ఇండియాలో ఉండే భారతీయులకే అమ్మాలి.

మీ ప్రశ్నలో మీ అమ్మగారి వాటా ప్రస్తావన లేదు, నాకు మనసులో అదే మెదులుతోంది. చట్టం ప్రకారం ఆమెకు మీతో సమానంగా వాటా ఉంది. మన దగ్గర అమ్మలు "నాకెందుకు బిడ్డా, మీకే కదా" అని వాటా వదులుకునే రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టేస్తారు. మా అమ్మా అదే అంది, చెల్లె, నేను ఒప్పుకోలేదు. ఆమె వాటాలోంచి ముప్పై లక్షలు సీనియర్ సిటిజన్ స్కీంలో వేశాం, మేం వేసినప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ ఆమె ఖాతాలోనే పడుతుంది. మొదటి వడ్డీ పడ్డప్పుడు అమ్మ, చెల్లె కొడుకును వెంటబెట్టుకుని వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని, ఆ పేజీ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపింది. మిగతాది రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలుగా ఉంది, ఎందుకంటే డిపాజిట్ల మీద బీమా ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకానే. మీ అమ్మగారు ఇప్పటికే మీకు రాసిచ్చి ఉంటే, ఈ కోటీ పది లక్షల్లోంచి ఆమె భాగం ముందు తీసి ఆమె పేరున వేయండి. అది అమెరికా లెక్కలో గిఫ్ట్ కిందికి వస్తుంది. 2025లోనైతే పంతొమ్మిది వేల డాలర్లు దాటితే 709 అనే గిఫ్ట్ ట్యాక్స్ ఫారం వేయాల్సి రావచ్చు, అదీ, పన్ను పడుతుందో లేదో కూడా మీ వీసా స్థితిని, మీరు శాశ్వతంగా ఎక్కడుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పంపేముందే సీపీఏను అడగండి.

నర్సంపేట భూమికి విరాసత్ (వారసుల పేరు మీదికి మార్చే) దరఖాస్తు వెంటనే పెట్టించండి. తెలంగాణ భూముల రికార్డులకు ధరణి పోర్టల్ పోయి భూభారతి వచ్చింది. వారసులందరి సమ్మతి కావాలి కాబట్టి మీ తోబుట్టువులతో ముందే మాట్లాడుకుని, పాత పాస్‌బుక్, మరణ ధ్రువీకరణ పత్రం చేతిలో పెట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లమనండి. ఇల్లు అమ్మిన తేదీ, 2001కి ముందు కొన్నదా కాదా ఇక్కడే రాస్తే 54ఈసీ మీకు పనికొస్తుందో లేదో లెక్క వేసి చెబుతాను.