రీసేల్‌లో కొన్న హాలిడే మెంబర్‌షిప్: మీ కేసు కంపెనీ మీద కాదమ్మా

ప్రశ్న: నాన్నగారు రిటైరయ్యాక ఏటా ఒక వారం ఇంటిల్లిపాదీ కలిసి గడపాలని 2023 జూన్ 14న ఒకాయన దగ్గర 25 ఏళ్ళ హాలిడే మెంబర్‌షిప్ రీసేల్‌లో కొన్నాను, ఇంకా 13 ఏళ్ళు మిగిలి ఉంది. కంపెనీ వాళ్ళు కొత్తది 5 లక్షలు చెప్పారు, ఈయన 1,90,000కి ఇచ్చారు, బ్రోకర్‌కి 25,000. నోటరీ అగ్రిమెంట్, ఒరిజినల్ సర్టిఫికెట్ నా దగ్గరే ఉన్నాయి, ఆయన లాగిన్‌లో ఏటా కట్టే మెయింటెనెన్స్ చార్జీ (ఏఎంసీ) 18,400 కూడా కట్టాను. బుకింగ్ అయిపోయిందని బ్రోకర్ చెప్తే అందరం వెళ్ళాం, రిసెప్షన్‌లో మీరు మెంబరే కాదన్నారు. సెప్టెంబర్ 4న కంపెనీ మెయిల్ కూడా పెట్టింది, మూడేళ్ళ బాకీ 61,000 ఉందట. అందరి ముందు నాన్నగారికి తలకొట్టేసినట్టయింది, అప్పట్నుంచి ఎక్కడికీ రానంటున్నారు. కంపెనీ మీద 10 లక్షలకి పరువు నష్టం కేసు వేయొచ్చా? డైరెక్ట్‌గా కొనకపోవడమే నా తప్పా? పాత డేటుతో ట్రాన్స్‌ఫర్ ఫారం చేయిస్తానని బ్రోకర్ అంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు పేజీలు రిసెప్షన్ దగ్గర జరిగిందే ఉంది. ఆ మూడు పేజీలు పక్కన పెట్టండి, కేసు అందులో లేదు. మీరు జతచేసిన కంపెనీ రూల్స్‌లో నాలుగో పేజీ ఫోటో తీస్తూ సగం బొటనవేలు అడ్డం పెట్టేశారు చూడండి, కనపడుతున్న ఆ సగంలోనే ఉంది అసలు సంగతి: కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే బదిలీ చెల్లుతుంది, బాకీలు ఉంటే ఒప్పుకోరు. అంటే ఈరోజుకీ కంపెనీ పుస్తకంలో మెంబర్ అమ్మినాయనే, మీరు కాదు.

నోటరీ చేయించాం కదా అంటారు. నోటరీ అంటే ఈ సంతకాలు వీళ్ళవే అని చెప్పడం వరకే, ఆ కాగితంలో పార్టీ కాని కంపెనీని అది ఎలా కట్టేస్తుంది? ఖార్దా కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది, కాంట్రాక్టులో హక్కులు మామూలుగా ఇంకొకరికి ఇవ్వొచ్చు గానీ బాధ్యతలు మాత్రం అవతలి పార్టీ ఒప్పుకోకుండా ఇంకొకరి మీదికి వెళ్ళవు అని. మెంబర్‌షిప్ అంటే ఏడు రాత్రులు గది ఒక్కటే కాదు కదా, ఏటా ఏఎంసీ కట్టాల్సిన బాధ్యత కూడా. మీరు కట్టిన 18,400 రసీదు మీద ఎవరి పేరుందో ఒకసారి చూసుకోండి. ఆయన పేరే. ఆ డబ్బు ఆయన పాత బాకీలో జమైపోయింది. మీరు వేరేవాళ్ళ బిల్లు కట్టారన్నమాట.

2019 వినియోగదారుల చట్టంలో, డబ్బిచ్చినాయన అనుమతితో సేవ వాడుకునేవాళ్ళు కూడా వినియోగదారులే అని ఉంది, దాన్ని పట్టుకుని కంపెనీ మీద వేద్దాం అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. కానీ బాకీ పెట్టింది ఆ డబ్బిచ్చినాయన, అంటే మీకు అమ్మినాయనే అయినప్పుడు ఆయనకే లేని గది మీకు ఎక్కణ్ణుంచి వస్తుంది? కంపెనీ మీ దగ్గర ట్రాన్స్‌ఫర్ ఫీజు తీసుకుని కూడా కాదని ఉంటే నేనే ముందు కంపెనీ మీద వేయమనేవాణ్ణి. మీ దగ్గర అది ఒక్క రూపాయి తీసుకోలేదు. 10 లక్షల మాట వదిలేయండి, ఆ కేసు వేస్తే మీకు మిగిలేది వాయిదాలూ ఖర్చులూ.

మీ కేసు అమ్మినాయన మీద, ఆయనతో పాటు బ్రోకర్ మీద. అది గెలుస్తారా లేదా అన్నది మీరు పంపిన 31 స్క్రీన్‌షాట్లలో ఒకే ఒక్క దాని మీద ఆధారపడి ఉంది. డబ్బు వేయడానికి రెండు రోజుల ముందు మీరు "బకాయిలు ఏమైనా ఉన్నాయా అండీ" అని అడిగారు, అమ్మినాయన "డ్యూస్ ఏమీ లేవు మేడమ్, అంతా క్లియర్" అన్నారు. దీన్ని మీరు ఉత్తరంలో ఎక్కడా రాయనే లేదు!

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 ప్రకారం మోసపోయి చేసుకున్న ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు, కానీ దానికి ఒక మినహాయింపు ఉంది. అవతలివాడు ఊరికే నోరు మెదపకుండా దాచి ఉంటే, మామూలు జాగ్రత్తతో మీరు నిజం తెలుసుకోగలిగి ఉంటే, రద్దు కుదరదు. కొనే ముందు ఆయన చేత కంపెనీకి ఒక్క మెయిల్ పెట్టించి ఉంటే బాకీ మొత్తం లెక్క వచ్చేది. చీర కొంటే అంచు తిప్పి చూస్తాం, రెండు లక్షలు పోసి కొనేదానికి ఆ ఒక్క మెయిల్ పెట్టించకపోవడం చాలా పెద్ద అజాగ్రత్త తల్లీ, అవతలి లాయర్ పట్టుకునేది దీన్నే. అయితే ఆయన దాచి ఊరుకోలేదు, అడిగితే లేవని అబద్ధం చెప్పారు. తెలిసి చెప్పిన అబద్ధానికి ఆ మినహాయింపు వర్తించదు. మీ 1,90,000 నిలబడేది ఆ ఒక్క మెసేజ్ మీద.

మరి మీరు దాన్నేం చేశారు? పైన తేదీ కత్తిరించేశారు, నంబర్ కనపడదు, కాంటాక్ట్ పేరు "రిసార్ట్ అన్నయ్య" అని ఉంది. రిసార్ట్ అన్నయ్య ఎవరో జడ్జిగారికి ఎలా తెలుస్తుంది? ఈరోజే ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి, కాంటాక్ట్ తెరిచి నంబర్ కనపడేలా ఫోటో తీయండి. ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. కోర్టులో ఇది చెల్లాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో రెండు భాగాలు ఉంటాయి, ఒకటి మీరు ఇవ్వాలి, ఇంకోటి నిపుణుడు ఇవ్వాలి. అసలు ఫోనే లేకపోతే ఆ సర్టిఫికెట్ దగ్గరే గొడవ మొదలవుతుంది. బ్రోకర్‌కి 25,000 చేతికి ఇచ్చామన్నారు, రసీదు లేదు, కానీ "కమీషన్ ముట్టింది" అని అతను పెట్టిన వాయిస్ మెసేజ్ ఉంది, అదీ దాచండి.

ఇప్పుడు గడువు సంగతి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి రెండేళ్ళు. మీరు డబ్బు వేసిన రోజు నుంచి లెక్కేస్తే 2025 జూన్‌లోనే అయిపోయింది, బ్రోకర్ లాయర్ అదే అంటాడు. కంపెనీ మెయిల్‌తోనే మోసం బయటపడింది కాబట్టి సెప్టెంబర్ 4 నుంచి లెక్క అని మనం అంటాం, అలా అయినా ఇప్పుడు 2025 జూలై, చేతిలో ఉన్నది నెలన్నర. ఈ రెండేళ్ళూ ఏం చేశారంటే "వచ్చే వారం సెటిల్ చేస్తా", "పండగ తర్వాత చూద్దాం" అనే మెసేజ్‌లకి దండం బొమ్మలు పెడుతూ కూర్చున్నారు. వాళ్ళు వాయిదాలు చెప్పినంత మాత్రాన గడువు ఆగదు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే వినియోగదారుల చట్టం సెక్షన్ 69 కింద కమిషన్ మన్నించొచ్చు గానీ నమ్ముకుని ఉన్నాను అంటే అది కారణం కాదు. సివిల్ కోర్టులో మాత్రం మూడేళ్ళు ఉంది, ఎందుకైనా మంచిదని డబ్బు వేసిన రోజు నుంచే లెక్కేసుకోండి, 2026 జూన్ 13 దాటకూడదు. "డబ్బు తిరిగి ఇస్తాను, టైమ్ ఇవ్వండి" అని ఆయన పెట్టిన మెసేజ్‌తో గడువు పెరిగిందని వాదించొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

పాత డేటు ఫారం మాట బ్రోకర్ ఇంకోసారి ఎత్తితే ఫోన్ పెట్టేయండి. అమ్మినాయన పెట్టని సంతకం పెట్టించినా, 2025లో రాసిన కాగితానికి 2023 తేదీ వేసినా అది ఫోర్జరీ, భారతీయ న్యాయ సంహిత 336, దాన్ని కంపెనీకి ఇస్తే 340. ఇప్పటిదాకా మోసపోయింది మీరు, ఆ కాగితం వాడిన రోజు నుంచి ముద్దాయి మీరు, బ్రోకర్ మాత్రం నాకేం తెలియదంటాడు. ఈలోగా ఆయన లాగిన్‌లో గెస్ట్‌గా వెళ్ళి నాలుగు రోజులు ఉండి రండి అన్నాడట, అదీ వద్దు. మోసం తెలిశాక కూడా దాన్ని వాడుకుంటే ఒప్పందాన్ని ఒప్పుకున్నట్టే అవుతుంది, తర్వాత రద్దు అడగలేరు.

డైరెక్ట్‌గా కొనకపోవడం తప్పా అంటే, కాదు. డైరెక్ట్‌గా కొంటే మొదటి రోజే కంపెనీ కాగితంలో మీ పేరుంటుంది, గొడవైతే ఎవరి మీద వెయ్యాలో వెతుక్కోనక్కర్లేదు. కానీ మన దగ్గర ఇలాంటి హాలిడే మెంబర్‌షిప్‌లకి, అంటే టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు, యూరప్‌లోలా కొన్న 14 రోజుల్లో వద్దనుకునే హక్కు చట్టం ఇవ్వదు, అగ్రిమెంట్‌లో ఎన్ని రోజులు రాస్తే అన్నే. హోటల్ హాల్లో కూర్చోబెట్టి చెప్పిన తియ్యటి మాటలు సంతకం పెట్టిన కాగితంలో లేవని నా దగ్గరికి వచ్చేవాళ్ళు డైరెక్ట్‌గా కొన్నవాళ్ళే. రీసేల్ చవక, అది నిజం. బాకీ లెక్క, బదిలీ రూలు, ఫీజు, కొన్నాయనకి రాని సౌకర్యాలు ఏవి అన్నది అమ్మేవాళ్ళ రిజిస్టర్డ్ మెయిల్ నుంచి కంపెనీని రాతపూర్వకంగా అడిగించి, కొంచెం అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది కంపెనీ ట్రాన్స్‌ఫర్ లెటర్ మీ పేరున చేతికి వచ్చాకే ఇస్తే రీసేల్‌లో భయం చాలావరకు పోతుంది. మీరు మొత్తం ముందే పోసేశారు.

ఇక చేయాల్సింది. ముందు నాన్నగారితో కూర్చుని అసలు ఆ మెంబర్‌షిప్ ఇంకా కావాలా వద్దా తేల్చుకోండి, రెండూ అడగడం కుదరదు. కావాలంటే: బాకీ మొత్తం ఆయన కట్టాలి, మీ 18,400 మీకు తిరిగి రావాలి, ఇద్దరూ కలిసి ఇవాళ్టి తేదీతో కంపెనీకి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టాలి, ఇదంతా సంతకాలతో కాగితం మీద ఉండాలి. 13 ఏళ్ళు మిగిలి ఉంది కాబట్టి ఇది చెడ్డ బేరం కాదు, ఆయనకీ కోర్టు తప్పుతుంది.

వద్దనుకుంటే ఈ వారంలోనే ఇద్దరికీ లాయర్ నోటీసు పంపండి, స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు తీసుకుని. ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను, 1,90,000, 18,400, కమీషన్ 25,000 పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వండి అని. బ్రోకర్ మీద కమిషన్‌లో ఫిర్యాదు ఆగస్టు దాటకుండా పడాలి, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. అమ్మినాయన సొంత మెంబర్‌షిప్ అమ్ముకున్న మామూలు మనిషి, ఆయన మీద అక్కడ నిలవడం కష్టం, సివిల్ దావా వేయాలి. దావాకి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే కోర్టు ఫీజు లేకుండా లోక్ అదాలత్‌కి పిలిపిస్తారు, అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు ఇచ్చే డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అక్కడ తిరుగుతున్నన్ని రోజులూ గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పోలీసు కంప్లైంట్ ఇవ్వొచ్చు, జరిగింది 2023లో కాబట్టి పాత ఐపీసీ 420, కానీ సివిల్ మ్యాటర్ అని పంపేసే అవకాశమే ఎక్కువ, దాని కోసం నోటీసు ఆపొద్దు.

ఒరిజినల్ సర్టిఫికెట్ బ్రోకర్ అడిగినా, అమ్మినాయన అడిగినా ఇవ్వకండి, డబ్బు మీ ఖాతాలో పడ్డాక, రసీదు రాయించుకుని ఇవ్వండి. ఆ నాలుగో పేజీని బొటనవేలు లేకుండా మళ్ళీ ఫోటో తీసి నోటీసు రాసే లాయర్ గారికి ఇవ్వండి, కింద సగంలో ఏముందో నేనూ చూడాలి.