బీరువా సర్దడానికి అప్పు అక్కర్లేదు

ప్రశ్న: మాది తిరుపతి. నేను ప్రైవేటు బడిలో టీచరుని, మా ఆయన రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇద్దరికీ కలిపి నెలకు ₹63,000 వస్తుంది, అద్దెతో సహా ఖర్చు ₹45,000. పోయిన ఏడాది ఇల్లు మారాం. కాగితాలు బీరువాలో కొన్ని, అటక మీద కొన్ని, టీవీ స్టాండులో కొన్ని ఉండిపోయాయి. మొన్న ఆ స్టాండు సర్దుతుంటే కరపత్రాల మధ్య బంగారం రుణం వేలం నోటీసు దొరికింది. ఇంకా 12 రోజులే గడువు. అసలు ₹1,40,000, ఏడాదికి 12 శాతం వడ్డీ, తీసుకుని 14 నెలలైంది. ఆరోగ్య బీమా రెన్యువల్ తేదీ దాటి రెండు నెలలైంది. మా ఆయనకు నాలుగేళ్లుగా షుగరు. ఇద్దరికీ ఐదు బ్యాంకు ఖాతాలున్నాయి. నా పాత జీతం ఖాతాలో ₹22,300, ఆయన పాత ఖాతాలో ₹14,700 ఉన్నాయి. మూడేళ్ల కిందట గడువు తీరిన ₹75,000 ఎఫ్‌డీ ఒకటి కనిపించింది. ఫోన్‌లో ఒక యాప్ నెలకు రెండున్నర శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో ₹3 లక్షలు ఇస్తానంటోంది. అది తీసుకుని అన్నీ ఒకేసారి తీర్చేసి, ఇకనుంచి పద్ధతిగా ఉందామనుకుంటున్నాం. ₹2,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టమంటున్నారు. ఏం చేయాలి?
(పేరు రాయవద్దన్న పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ఆ యాప్ రుణం వద్దమ్మా. ఇంత వివరంగా జవాబు రాస్తున్నది కూడా దాన్ని ఆపడానికే. ఇల్లు చిందరవందరగా ఉందని తెలిసిన రోజున చాలా కుటుంబాలు చేసే తప్పు ఇదే. ఎంత కట్టాలో, చేతిలో ఎంత ఉందో కాగితం మీద పెట్టకముందే పెద్ద అప్పు తెచ్చి, దానికి ‘కొత్తగా మొదలుపెట్టడం’ అని పేరు పెడతారు. ₹3 లక్షలకు ఆ వడ్డీతో 24 నెలల వాయిదా సుమారు ₹16,775. మీకు నెలనెలా మిగిలేది ₹18,000. రెండేళ్లపాటు మీ చేతిలో నెలకు పన్నెండు వందలకు మించి పెద్దగా ఆడవు. అసలు, వడ్డీ కలిపి నాలుగు లక్షలు దాటి కడతారు. డబ్బు చేతికి రాకముందే కోసుకునే ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

మీకు కావలసిన డబ్బు మీ ఉత్తరంలోనే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు. ₹22,300, ₹14,700, ₹75,000 కలిపితే ₹1,12,000. పైగా గడువు తీరాక రెన్యువల్ కాకుండా పడి ఉన్న ఎఫ్‌డీకి పొదుపు ఖాతా వడ్డీ, మొదట రాసుకున్న వడ్డీ రెండింటిలో ఏది తక్కువైతే అదే వస్తుంది. మూడేళ్లుగా మీ డబ్బు చవకగా పడి ఉంటే, మీరు బంగారం మీద 12 శాతం కడుతున్నారు.

ముందు బంగారం సంగతి. 14 నెలల వడ్డీ ₹19,600. అపరాధ రుసుము, నోటీసు ఖర్చులతో ₹21,000 అనుకుందాం. రేపే నోటీసు, ఆధార్, పాన్ పట్టుకుని ఇద్దరూ శాఖకు వెళ్లండి. ఆ రోజుకు మొత్తం ఎంత కట్టాలో రాతపూర్వకంగా అడగండి. వడ్డీ పూర్తిగా కట్టి, రుణం తిరగరాయమని దరఖాస్తు ఇవ్వండి. తిరగరాయడం వాళ్ల పరిశీలన మీద ఉంటుంది. కుదరదంటే అసలులో కొంత కూడా కట్టి వేలం ఆపమని అడగండి. ఎఫ్‌డీ డబ్బు వచ్చేదాకా ఆగొద్దు. ఈ నెల మిగులు ₹18,000కు ఆయన ఖాతాలోని ₹14,700 కలిపితే ఇప్పటికి సరిపోతుంది, మిగులులోంచి తీసింది ఎఫ్‌డీ డబ్బు వచ్చాక తిరిగి పెట్టేయండి.

పాత ఖాతాల్లో రెండేళ్లుగా మీరు చేసిన లావాదేవీ ఏదీ లేకపోతే అవి నిద్రాణమై ఉంటాయి. ఆధార్, పాన్, ఫొటో ఇస్తే తిరిగి తెరుస్తారు. ఇందుకు రుసుము తీసుకోకూడదు. అక్కడే ఇంకో పని చేయండి, ఫోన్ నంబరు, చిరునామా మార్పించండి. వేలం నోటీసు కరపత్రాల్లో కలిసిపోవడానికి, రెన్యువల్ మెసేజ్ మీకు అందకపోవడానికి అసలు కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు గ్యాస్ వాళ్లకు, పాలవాళ్లకు చెబుతాం. బ్యాంకుకు, బీమా కంపెనీకి చెప్పం.

ఇక ఆరోగ్య బీమా. ఏడాదికోసారి ప్రీమియం కట్టే పాలసీకి గడువు దాటాక ఇచ్చే అదనపు సమయం 30 రోజులు. మీకు అది అయిపోయింది. పాత కంపెనీకి ఆలస్యానికి కారణం రాసి అడిగి చూడండి, ఒప్పుకోవాలన్న నియమం మాత్రం లేదు. కాదంటే వారంలోపు కొత్తది తీసుకోండి. షుగరు సంగతి దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (ఆ జబ్బు ఖర్చు బీమా ఇవ్వని కాలం) గరిష్ఠంగా మూడేళ్లు, అది మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. టీవీ స్టాండులో కాగితం కనబడకపోవడం వల్ల మీ ఇంటికి జరిగిన అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. బంగారం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, గడిచిన నిరీక్షణ కాలాన్ని కొనలేం. ప్రీమియం ₹24,000 అనుకుంటే, బంగారానికి ₹21,000 కూడా పోను మీ ₹1,12,000లో ఇంకా ₹67,000 ఉంటుంది.

ఆ ₹67,000ను ముట్టుకోకండి. అదే మీ అత్యవసర నిధికి మొదటి ఇటుక. మీకు కావలసింది నాలుగు నెలల ఖర్చు, అంటే ₹1,80,000. ఇంకా ₹1,13,000 కావాలి. బంగారం విషయం తేలాక, వచ్చే నెలనుంచి ₹18,000 మిగులులో సగం ఇటు, సగం బంగారం అసలుకు పెట్టండి. నెలకు ₹9,000 చొప్పున 13 నెలల్లో నిధి నిండుతుంది. ఈ డబ్బు ఇంకో బ్యాంకులో, ఇద్దరి పేరునా, యూపీఐ కలపని ఖాతాలో ఉండాలి. ఒక నెల ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచి, మిగతాది ₹25,000 చొప్పున విడివిడి ఎఫ్‌డీలుగా వేయండి. అవసరమైతే ఒకటే పగలగొడతారు, మిగతావాటి వడ్డీ చెడదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో పెద్ద జబ్బంటే వేలూరు ఆసుపత్రికి బయల్దేరతాం. ఆ రాత్రి కారు మాట్లాడుకోవడానికి, అడ్వాన్సు కట్టడానికి పక్కింటివాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తేవడం, లేదా ఇలాంటి యాప్ నొక్కడం, చాలా కుటుంబాల అప్పులు అక్కడే మొదలవుతాయి. ఈ నిధి ఉన్న ఇంట్లో ఆ అవసరం రాదు.

నిధి ఉన్నా పాస్‌బుక్కు ఎక్కడుందో తెలియకపోతే ఆ రాత్రి లేనట్టే. అందుకే సర్దుడు కూడా డబ్బు పనే. దానికి ముందుగా ఫైళ్లు, ప్లాస్టిక్ డబ్బాలు కొనకండి. కొంటే ఉన్న గందరగోళమే డబ్బాల్లోకి మారుతుంది. ఒక ఆదివారం హాల్లో దుప్పటి పరిచి మూడు చోట్ల కాగితాలూ ఒకేసారి తెచ్చి పోయండి. రెండు గంటలే సమయం పెట్టుకోండి. ఏదీ చదవొద్దు, పై వరుస చూసి కుప్పలో వేయడమే. పాత ఉత్తరాలు, పిల్లల మార్కుల జాబితాలు చదువుతూ కూర్చోవడం వల్లే ఈ పని ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండిపోతుంది. తేదీ దాటితే నష్టం వచ్చేవి (బీమా, రుణం, ఎఫ్‌డీ) ఒక కుప్ప. ఎప్పటికీ కావలసినవి (రిజిస్ట్రేషన్ పత్రాలు, సర్టిఫికెట్లు, జనన ధ్రువపత్రాలు) ఒక కుప్ప. ఆదాయపు పన్నుకు సంబంధించినవి ఆరేళ్లవి ఉంచండి. మిగతావి చింపేయండి. ఖాతా నంబరు, ఆధార్ ఉన్నవాటిని సన్నగా చింపి నీళ్లలో నానబెట్టి పారేయాలి, పాత కాగితాలవాడికి వేయకూడదు.

కాగితాలను పాడుచేసేది మన మంచి ఉద్దేశమే ఒక్కోసారి. రిజిస్ట్రేషన్ పత్రాలకు లామినేషన్ చేయించొద్దు, పంచ్‌తో రంధ్రాలు వేయొద్దు. గుండుసూది రెండు వానాకాలాలకు తుప్పుపట్టి కాగితాన్ని తింటుంది. ప్రతి పత్రానికీ విడి కవరు పెట్టండి, బీరువాలో మధ్య అరలో ఉంచండి. అటక మీద కారుతుంది, కింది అరలో నీళ్లొస్తాయి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో లోతట్టు ఇళ్లు ఎలా మునిగాయో మీకు తెలిసే ఉంటుంది. మందుల షాపు, ఆసుపత్రి, ఏటీఎం ఇచ్చే నున్నటి రసీదులు ఇంకో రకం. వాటి మీద అక్షరాలు సిరాతో కావు, వేడితో వచ్చినవి. మన ఎండలకు బీరువా వేడెక్కితే కొన్ని నెలల్లోనే తెల్లకాగితం మిగులుతుంది, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లలో ఇంకా తొందరగా చెరిగిపోతుంది. అటువంటి రసీదు వచ్చిన రోజే ఫొటో తీసి, జిరాక్సు తీయించి, అసలుతో కలిపి కాగితపు కవర్లో పెట్టండి. బీమా క్లెయిములో అసలు బిల్లు అడుగుతారు.

ఆయన షుగరు రిపోర్టుల్లో తాజావి, బీమా కార్డు, ఇద్దరి ఆధార్ జిరాక్సులు, ₹5,000 నగదు ఒక జిప్ కవర్లో వేసి బీరువా తలుపు వెనక తగిలించండి. రాత్రి బయల్దేరేటప్పుడు అదొక్కటి తీసుకుంటే చాలు.

అలవాట్లు మూడే పెట్టుకోండి, ఎక్కువ పెట్టుకుంటే నెలకు మించి నిలవవు. ఇంట్లోకి వచ్చే ప్రతి కాగితం గుమ్మం దగ్గర ఒకే పళ్లెంలో పడాలి. టీవీ స్టాండు మీద ఏదీ పెట్టకూడదు. ఆదివారం టిఫిన్ అయ్యాక పావుగంట కూర్చుని ఆ పళ్లెం ఖాళీ చేయండి, గడువున్నది కనిపిస్తే గోడ క్యాలెండరులో గడువుకు పది రోజుల ముందు గడిలో రాయండి. ఫోన్ రిమైండరు కూడా పెట్టుకోవచ్చు, కానీ ఫోన్ ఒకరి చేతిలోనే ఉంటుంది, గోడ క్యాలెండరు ఇద్దరికీ కనిపిస్తుంది. మూడోది ఏడాదికోసారి. మే నెలలో గంగ జాతర అయిన మరుసటి ఆదివారం మొత్తం జాబితా సరిచూడండి. ఆ నెలాఖరులోనే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ₹436, సురక్ష బీమా ₹20 ఖాతాలోంచి వాటంతట అవే వెళ్తాయి. మీ ఇద్దరికీ ఆ రెండు పథకాలూ ఉంటే ₹912 కావాలి. పాత ఖాతాలో డబ్బు లేక ఈ రక్షణ తప్పిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

ఐదు ఖాతాలను మూడు చేయండి. చెరో జీతం ఖాతా, నిధికి ఒకటి. మూసే ముందు ఆ ఖాతాలోంచి ఏవేం ఆటో డెబిట్‌లో పోతున్నాయో ఏడాది స్టేట్‌మెంటులో చూసి, వాటిని మార్పించి, ఒక నెల ఆగి అప్పుడు మూయండి. తొందరపడితే ఇంకో ప్రీమియం తప్పుతుంది. సిప్ 13 నెలల తర్వాత. రిజిస్టరు కాని చీటీ ఎవరైనా చెబితే వద్దనండి.

చివరగా ఒకే ఒక్క పేజీ రాయండి. బ్యాంకు, శాఖ, ఖాతా చివరి నాలుగు అంకెలు, నామినీ, పాలసీ నంబరు, గడువు తేదీ, క్లెయిముకు ఫోన్ చేయాల్సిన నంబరు. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు అందులో రాయొద్దు. ఒక కాపీ ఆ జిప్ కవర్లో, ఇంకోటి మీ పుట్టింట్లోనో అత్తగారింట్లోనో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. రాసేటప్పుడు నామినీ గడి ఖాళీగా ఉన్న ఖాతాలు తగులుతాయి. ఎఫ్‌డీ కోసం బ్యాంకుకు వెళ్లిన రోజే వాటికి నామినీ ఫారం కూడా ఇచ్చేసి, ముట్టినట్టు సంతకం తీసుకుని రండి.