తూటాకు ఏడు సెంట్లు మిగలడానికి 401కె మీద అప్పా?

ప్రశ్న: సర్, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల క్రితం గ్రీన్ కార్డు వచ్చింది. నా ఒక్కడి జీతమే, ఇద్దరు పిల్లలు. కాలేజీలో ఎన్‌సీసీ రోజుల నుంచీ షూటింగ్ అంటే పిచ్చి. ఇక్కడ యూఎస్‌పీఎస్‌ఏ (ప్రాక్టికల్ షూటింగ్ పోటీల సంఘం) మ్యాచ్‌లలో క్యారీ ఆప్టిక్స్ డివిజన్‌లో (ఆప్టికల్ సైట్ ఉన్న పిస్టళ్ల విభాగం) 9 ఎంఎం పిస్టల్‌తో ఆడుతున్నాను. నెలకు 800 తూటాలు కాలుస్తాను. వాటిని సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒక్కో దశ విడిగా చేసే చేతి మిషన్) మీద రీలోడ్ చేసుకునేసరికి, అంటే కాల్చిన ఖాళీ కేసులను మళ్లీ నింపుకునేసరికి, వారాంతాలన్నీ గ్యారేజీలోనే అయిపోతున్నాయి. మోటారుతో నడిచే ప్రొగ్రెసివ్ ప్రెస్ (అన్ని దశలూ ఒకేసారి చేసేది), కేస్ ఫీడర్, బులెట్ ఫీడర్ కలిపి 5,800 డాలర్లు అవుతుంది. స్టోర్ కార్డు మీద 12 నెలలు వడ్డీ లేదంటున్నారు. ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూతలు), పౌడర్, బులెట్లు (తూటా కొసన ఉండే గుండ్లు) ఒకేసారి కొని పెట్టుకోవడానికి 401కె (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ పొదుపు) నుంచి 4,000 లోన్ తీసుకుందామనుకుంటున్నాను. రెండేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని నా లెక్క. క్లబ్‌లో నలుగురైదుగురు స్నేహితులు నా దగ్గరే కొంటామంటున్నారు. ముందు కార్డు వాడాలా, 401కె లోన్ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు.

మీ ఉత్తరం ఎంచుకున్నది తూటాల గురించి చెప్పడానికి కాదు. సరదాకు కొనే వస్తువుకు ‘పెట్టుబడి’ అని పేరు పెట్టి, ఆ పేరు చూపించి అప్పు చేసేవాళ్లు నాకు నెలకు ఇద్దరైనా తగులుతారు. ఒకరికి కెమెరా లెన్సులు, ఇంకొకరికి పెరట్లో పిజ్జా ఓవెన్, మీకు ప్రెస్. ‘తిరిగొస్తుంది’ అన్న మాట మాత్రం అందరి నోటా ఒకటే.

ఇంకో మాట, ఇది మీకు కాదు, చదివే మిగతావాళ్లకు. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సరే. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. లాయర్ని అడగకుండా స్నేహితుడి తూటాలు కారు డిక్కీలో వేసుకుని తిరగకండి.

ఇక మీ సంగతి. మీరు పంపిన పట్టికలో ప్రెస్ గురించి పదకొండు వరుసలు ఉన్నాయి. బ్యాంకులో ఉన్న డబ్బు గురించి ఒక్కటే వరుస, అదీ చివర్లో: సేవింగ్స్ 5,200. ఇంటి వాయిదా, కారు, సరుకులు, అమ్మానాన్నలకు పంపే నాలుగొందలు అన్నీ కలిపి నెల ఖర్చు 6,800 అని మీరే రాశారు. అంటే రేపు జీతం ఆగితే మీ ఇల్లు నడిచేది 23 రోజులు. నెల కూడా కాదు. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. మీరు పనిచేసే కంపెనీలోనే పోయిన ఏడాది రెండుసార్లు మనుషుల్ని తీశారని కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. ఖమ్మం నుంచి అర్ధరాత్రి ఫోన్ వచ్చి, మర్నాటి విమానానికి నలుగురికి టికెట్లు తీయాల్సొస్తే ఆ 5,200లో ఎంత మిగులుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలన్నది నా పట్టుదల. మీకది 40,800. ఒక్కసారిగా రాదు, తెలుసు. కనీసం మూడు నెలలది, 20,400 జమ అయ్యేదాకా ప్రెస్ పేరెత్తకండి.

ఇప్పుడు మీ రెండేళ్ల లెక్క చూద్దాం, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. మీరు తయారు చేసే తూటా 13 సెంట్లు, షాపులో మ్యాచ్ తూటా 45 సెంట్లు, తేడా 32 సెంట్లు అని వేశారు. మీరు ఆ 45 సెంట్ల తూటా ఎప్పుడైనా కొన్నారా? క్యారీ ఆప్టిక్స్‌లో స్కోరింగ్ అంతా మైనర్ (తక్కువ శక్తి తూటాల లెక్క) కిందే. గుండు బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని, గుణించి వెయ్యితో భాగిస్తే 125 దాటితే చాలు. 115 గ్రెయిన్ల గుండు 1,130 అడుగుల వేగంతో వెళ్తే దాదాపు 130 వస్తుంది. మీరు ఇదివరకు కొన్న మామూలు ఫ్యాక్టరీ తూటాతోనే ఆ పని అయిపోతుంది. దాని ధర మీరు రాసిందే, 26 సెంట్లు. ఇక మీ 13 సెంట్లలో ప్రైమర్‌కు వేసిన 3 సెంట్లు 2020కి ముందు రేటు. ఆ ఏడాది రెమింగ్టన్ దివాలా తీయడం, కరోనా గిరాకీ కలిసి ప్రైమర్ల రేట్లు ఎక్కడికి పోయాయో మీకు నాకంటే బాగా తెలుసు. మీరు జత చేసిన తాజా బిల్లుల ప్రకారం బులెట్ 9, ప్రైమర్ 7, పౌడర్ 2. పోయిన, చిట్లిన ఇత్తడి కేసుల కింద ఇంకో సెంటు. మొత్తం 19. మిగిలేది తూటాకు 7 సెంట్లు.

నెలకు 800 అంటే ఏడాదికి 9,600 తూటాలు. ఆదా 672 డాలర్లు. మీ మిషన్ 5,800, దాని మీద మన దగ్గర సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం కలిపితే 6,278. డబ్బు తిరిగి రావడానికి 9 ఏళ్ల 4 నెలలు పడుతుంది. అదీ మీరు అంతకంటే ఎక్కువ కాల్చకపోతే! రీలోడింగ్ చేసేవాళ్లకు డబ్బు మిగలదు, అదే డబ్బుకు ఎక్కువ తూటాలు పేలతాయంతే అని ఈ ఆట ఆడేవాళ్లే నవ్వుకుంటారు. పౌడర్, ప్రైమర్లు తెప్పించుకున్న ప్రతిసారీ పడే హజ్‌మాట్ (ప్రమాదకర సరుకు రవాణా) ఛార్జీ, స్కేలు, కేసులు శుభ్రం చేసే టంబ్లర్, విరిగే స్ప్రింగులు, పిన్నులు ఇవేవీ నేనింకా కలపలేదు. కలిపితే తడిసి మోపెడవుతుంది.

ఓపెన్ డివిజన్‌లో మేజర్ (ఎక్కువ శక్తి) స్కోరింగ్‌కు 165 కావాల్సినవాళ్ల సంగతి వేరు, ఆ తూటాలు షాపుల్లో తేలిగ్గా దొరకవు. దూరాల్లో గురిపెట్టే రైఫిల్ వాళ్లకు ఒక్కో తూటా మీదే ఎక్కువ మిగులుతుంది. వాళ్ల ముచ్చట విని మీ లెక్క వేసుకోకండి.

ఇక అప్పు. స్టోర్ కార్డు వాళ్లు ‘12 నెలలు వడ్డీ లేదు’ అంటున్నారు కదా, మీరు ఫొటో తీసి పంపిన కాగితంలో కింద సన్న అక్షరాలు చదివారా? 12 నెలల్లో మొత్తం తీర్చకపోతే కొన్న రోజు నుంచీ 29.99 శాతం వడ్డీ అని ఉంది. నెలనెలా క్రమం తప్పకుండా కట్టుకుంటూ వచ్చి, చివర్లో 300 డాలర్లు మిగిలాయనుకోండి. వడ్డీ ఆ 300 మీదే వేస్తారనుకుంటారు చాలామంది. కాదు. మొదటి రోజు నుంచి ఏ నెలలో ఎంత బాకీ ఉందో దాని మీద లెక్కగట్టి, వెయ్యి డాలర్లకు అటూ ఇటూగా ఒకేసారి బిల్లులో పడేస్తారు. అంటే ఏడాదిన్నర పాటు తూటాకు ఏడేసి సెంట్లు కూడబెట్టింది ఒక్క స్టేట్‌మెంటుతో పోతుంది.

401కె లోన్ గురించి ‘నా డబ్బు నేనే తీసుకుంటున్నా, వడ్డీ నాకే కట్టుకుంటున్నా’ అంటారు. ఉద్యోగం ఉన్నంతవరకు ఆ మాట బాగానే ఉంటుంది. ఉద్యోగం పోతే చాలా కంపెనీల్లో మిగిలిన బాకీ అంతా ఒకేసారి మీద పడుతుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు ఆ మొత్తం సర్దలేకపోతే అది ఆదాయం కింద లెక్క, పన్ను కట్టాలి. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకపోతే పది శాతం పెనాల్టీ అదనం. జీతం లేని ఏడాదిలోనే ఇదంతా జరుగుతుంది. 2023 జనవరిలో ఒకాయన ఆఫీసు పార్కింగ్ లాట్‌లోంచి నాకు ఫోన్ చేశారు. పక్క సీట్లో డెస్కు సామాను పెట్టిన అట్టపెట్టె. ఆయన అడిగిన మొదటి ప్రశ్న కొత్త ఉద్యోగం గురించి కాదు, ‘పడవ కోసం తీసిన 401కె లోన్ ఇప్పుడెలా?’ అని. పడవ అమ్మినా సగం రాలేదు. ఆ ఫోన్ తర్వాత నేను ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం మానేశాను.

మరి ఏం చేయాలి? మార్చిలో బోనస్ పన్నులు పోను 9,000 చేతికొస్తుందన్నారు. అది మొత్తం, ఒక్క డాలరు తగ్గకుండా, విడిగా ఒక హై యీల్డ్ (ఎక్కువ వడ్డీ ఇచ్చే) సేవింగ్స్ ఖాతాలో వేయండి. నెలకు మిగిలే 900లో 700 కూడా అందులోకే. అలా చేస్తే వచ్చే డిసెంబరు నాటికి 20,400 దాటతారు. మిగిలిన 200 మీ ఆటకు. అందులో నేను వేలు పెట్టను.

సింగిల్ స్టేజ్ మీద నెలకు 800 చేయడం నరకమే, ఒప్పుకుంటాను. ఒక్కో తూటాకు మూడు నాలుగు సార్లు హ్యాండిల్ లాగాలి, ప్రతి దశకూ కేసు తీసి పెట్టాలి. ఈలోపు కావాలంటే రెండు మూడు వందల డాలర్లలో లీ టరెట్ ప్రెస్ వస్తుంది. గంటకు 150 దాకా చేసుకోవచ్చు, అంటే నెలకు ఐదారు గంటల పని. డిసెంబరు తర్వాత చేతిలో డబ్బుతో డిలన్ ఎక్స్‌ఎల్ 750 లాంటిది, కేస్ ఫీడర్, డై సెట్‌తో కలిపి 1,400 దాకా పెట్టి కొనుక్కోండి. మీ 672 ఆదాతో అదైతే నిజంగానే రెండేళ్లకు కాస్త అటూ ఇటూలో డబ్బు రాబడుతుంది. దానికి జీవితకాల వారంటీ ఉంది, పాతదైనా మంచి ధర పలుకుతుంది. మీరు చూస్తున్న ఆర్‌ఎల్ 1100కి ఆ జీవితకాల హామీ లేదు. దాని ఎనిమిది స్టేషన్లు, ప్రైమర్ పాకెట్ స్వేజింగ్ (ప్రైమర్ కూర్చునే గుంతను సరిచేయడం) నెలకు వేలల్లో చేసేవాళ్లకు పనికొస్తాయి. మోటారు అసలు వద్దు. పౌడర్ పడని తూటా ఒకటి మధ్యలో దూరితే చేత్తో లాగేవాడికి హ్యాండిల్ దగ్గర అనుమానం వస్తుంది, పైనుంచి కేసులోకి తొంగి చూస్తాడు. మోటారుకు అనుమానం రాదు. అలాంటి తూటా కాల్చినప్పుడు బారెల్లోనే గుండు ఇరుక్కున్నాక వెనకాలే ఇంకొకటి పేలితే పోయేది పిస్టల్ ఒక్కటే అయితే అదృష్టం. ఆసుపత్రి బిల్లు మళ్లీ ఆ 5,200లోంచే.

స్టాకు సంగతి: రేట్లు పెరుగుతాయన్న భయం నిజమే. దానికి మూడు నెలల సరుకు చాలు, 4,000 డాలర్ల సరుకు అక్కర్లేదు.

స్నేహితులకు అమ్మడం అనే వాక్యం చదివి నిజంగా టెన్షన్ వచ్చింది. తూటాలు తయారు చేసి అమ్మాలంటే ఏటీఎఫ్ (తుపాకులు, తూటాల మీద నిఘా ఉంచే ఫెడరల్ సంస్థ) నుంచి టైప్ 06 లైసెన్సు ఉండాలి. దాని ఫీజు మూడేళ్లకు 30 డాలర్లే, అది చూసి మోసపోకండి. అమ్మిన తూటాల మీద 11 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలు సాధారణంగా ఇంట్లో చేసే వ్యాపారాన్ని కవర్ చేయవు. మీరు అమ్మిన తూటాకు ఒకరి పిస్టల్ పగిలి వేళ్లు పోతే, ఆ దావా మీ ఇంటి మీదికి, మీ జీతం మీదికి వస్తుంది. తూటాకు కొద్ది సెంట్ల లాభం కోసమా? ఉచితంగా కూడా ఇవ్వకండి.

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి: కంపెనీ ఇచ్చే ఏడాది జీతం విలువ గ్రూప్ లైఫ్ తప్ప మీకు వేరే టర్మ్ పాలసీ లేదు. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. ఈ నెలలోనే విడిగా ఒకటి తీసుకోండి. ఒక గొడుగు పాలసీ, అదే అంబ్రెల్లా (ఇల్లు, కారు పాలసీల పరిమితి దాటిన దావాలకు), దాని గురించీ ఏజెంటును అడగండి. రీలోడింగ్ చేస్తున్నానని వాళ్లకు దాచకుండా చెప్పండి. ఇళ్లలో 10,000 ప్రైమర్లు దాటకూడదు, పౌడర్ 20 పౌండ్లు దాటితే చెక్క పెట్టెలో పెట్టాలి అన్నది అగ్నిమాపక ప్రమాణాల్లో ఉండే పరిమితి. అదీ కంపెనీ డబ్బాల్లోనే ఉండాలి. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంకా కఠినంగా ఉందేమో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.

మీరు పంపిన గ్యారేజీ ఫొటోలో ప్రెస్ బల్ల వెనక గ్యాస్ వాటర్ హీటర్ కనిపిస్తోంది. దాని పక్క అరలో ఉన్నవి పౌడర్ డబ్బాలే కదా? కార్డు, లోను, బోనస్ అన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు లేచి వెళ్లి వాటిని అక్కణ్నుంచి తీసేయండి.