హేలోలో కంట్రోలర్‌తో గురి కుదరట్లేదా? ముందు ఎడమ బొటనవేలి సంగతి చూడండి

ఇన్నాళ్ళూ ఫోన్‌లో షూటింగ్ గేమ్‌లు ఆడి, ఇప్పుడు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొన్నారు. హేలో షూటింగ్ గేమ్‌లని ఒకచోట కలిపిన మాస్టర్ చీఫ్ కలెక్షన్‌లో మొదటి హేలోని హీరోయిక్ అనే కష్టమైన స్థాయిలో మొదలుపెట్టారు. గురి కుదరట్లేదు, రెండో లెవెల్ దాటట్లేదు, వదిలేసి వేరే గేమ్ చూసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

వదలొద్దండి. నేను కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్‌లో కౌంటర్ స్ట్రైక్ ఆడి మౌస్‌కి అలవాటు పడ్డవాణ్ణి. ఆ తర్వాత మా బాబాయి కొడుకు ఇంట్లో ఎక్స్‌బాక్స్ మీద ఈ గేమ్ పట్టుకున్నాం. ఇద్దరం కలిసి కథంతా అన్నిటికంటే కష్టమైన లెజెండరీ స్థాయిలో పూర్తి చేశాం. ఆ అనుభవంతో చెప్తున్నాను: మీ ఇబ్బంది గురి దగ్గర లేదు, మీరు నిలబడే చోట ఉంది.

ఈ గేమ్ 2001 నవంబర్ 15న మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటే వచ్చింది. దీన్ని తయారుచేసిన బంజీ వాళ్ళు 1999లో ఆపిల్ కంప్యూటర్ల మ్యాక్‌వరల్డ్ వేదిక మీద చూపించినప్పుడు ఇది కంప్యూటర్ గేమే. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ బంజీని కొనేసింది, దాంతో గేమ్ కన్సోల్‌కి మారింది. ఆ మార్పు ఎంత శ్రద్ధగా చేశారో కంట్రోలర్ పట్టుకుంటే తెలుస్తుంది. గ్రెనేడ్‌కి ఎడమ ట్రిగ్గర్, గన్‌తో కొట్టడానికి బి బటన్. రెండింటికీ చేతిలో ఉన్న గన్ మార్చక్కర్లేదు. మోసేది రెండే గన్‌లు కాబట్టి వై ఒక్కటి నొక్కితే మారిపోతాయి. గురి గుర్తు శత్రువు మీద ఎర్రగా మారిందంటే గేమ్ మీ చూపుని కాస్త నెమ్మది చేసి అక్కడే నిలబెడుతుంది. వెంట్రుకవాసి గురి మీరు పెట్టక్కర్లేదు, దగ్గరికి తీసుకొస్తే చాలు.

తీసుకురావడం ఎలాగంటే, కుడి స్టిక్‌తో కాదు, నడిచి. ఖాళీ చోట నిలబడి ఒక రాయిని ఎంచుకోండి. కుడి బొటనవేలు స్టిక్ మీద నుంచి పూర్తిగా తీసేయండి. ఎడమ స్టిక్‌తో పక్కకి జరుగుతూ గురి గుర్తుని ఆ రాయి మీదికి తెండి. మళ్ళీ అటు నుంచి ఇటు. కాసేపు ఇదే చేస్తే చేతికి అలవాటవుతుంది. పోరులో సన్నటి సవరణలన్నీ ఎడమ బొటనవేలితోనే జరుగుతాయి, కుడిది పెద్ద మలుపులకి. ఫోన్‌లో వేలితో స్క్రీన్ లాగి గురి చూసేవాళ్ళకి ఇదే అన్నిటికంటే కొత్త విషయం. సెన్సిటివిటీ (స్టిక్ కదిపితే చూపు తిరిగే వేగం) ఎక్కువగా పెట్టుకుని ఉంటే ఇప్పుడే తగ్గించండి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేశారో లేదో కూడా చూసుకోండి. అది ఆఫ్‌లో ఉంటే చాలా టీవీల్లో బటన్ నొక్కినదానికీ బొమ్మ కదిలినదానికీ మధ్య తేడా వస్తుంది, దాన్ని ఎంత సాధన చేసినా దాటలేరు.

ఇక షీల్డ్, అంటే దెబ్బల్ని ముందు తనమీద తీసుకునే కవచం. దెబ్బ తగలకుండా కొన్ని క్షణాలు ఆగితే షీల్డ్ తిరిగి నిండుతుంది. దాని కింద ఉన్న ప్రాణం మాత్రం మెడికల్ కిట్ దొరికితేనే నిండుతుంది. అందుకే ప్రతి పోరునీ కబడ్డీలో కూతకి వెళ్ళినట్టు ఆడాలి. షీల్డ్ ఉన్నంతసేపే ముందుకి, అది అయిపోయే లోపు బండ చాటుకి. హీరోయిక్‌లో మైదానం మధ్యలో నిలబడి కాల్చుకుందామంటే కుదరదు.

మీరు ఆగిపోయిన రెండో లెవెల్‌నే తీసుకుందాం. సైనికులు కాచుకుని ఉన్న కట్టడం దగ్గర శత్రువుల్ని దింపే ఎగిరే ఓడలు (డ్రాప్‌షిప్‌లు) ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఓడ ఆగే చోటు ముందే కనిపిస్తుంది కదా, వాళ్ళు దూకే చోటికి గ్రెనేడ్ వేసేయండి. మిగిలినవాళ్ళలో పొట్టి గ్రంట్స్ కనిపిస్తారు, వాళ్ళని నడిపించే పొడుగాటి ఎలీట్ కనిపిస్తాడు. అందరినీ వదిలేసి ముందు ఎలీట్‌ని చూడండి. వాడు పడిపోతే గ్రంట్స్ చేతులు పైకెత్తి అరుస్తూ పరిగెడతారు, అప్పుడు వాళ్ళు మీకు లెక్కే కాదు.

ఎలీట్‌కీ మనలాగే షీల్డ్ ఉంటుంది. చచ్చిన గ్రంట్ దగ్గర పడిన ప్లాస్మా పిస్టల్ తీసుకోండి. కుడి ట్రిగ్గర్ నొక్కిపట్టుకుంటే మూతి దగ్గర ఆకుపచ్చటి ముద్ద ఉబ్బుతుంది, చేతిలో గన్ వణుకుతుంది. వదిలితే ఆ ముద్ద కొంచెం వంపు తిరిగి మరీ వాణ్ణి వెతుక్కుంటూ పోతుంది. తగలగానే షీల్డ్ మొత్తం పోతుంది. ఆ క్షణంలోనే వై నొక్కి మామూలు పిస్టల్‌తో తలకి కాల్చండి. ఛార్జ్, వై, తల. లెజెండరీలో మమ్మల్ని బతికించింది ఇదే. అరవై తూటాల అసాల్ట్ రైఫిల్ చూడ్డానికి బాగుంటుంది కానీ దూరం నుంచి దానితో పని జరగదు. ఈ మొదటి గేమ్‌లో పిస్టల్‌ని ఎప్పుడూ తక్కువ చేయకండి, కుడి స్టిక్ లోపలికి నొక్కితే జూమ్ కూడా అవుతుంది.

డాలు పట్టిన భారీ శత్రువులు హంటర్స్ జంటగా వస్తారు, చూస్తే గుండె జారుతుంది. పారిపోవద్దు, దగ్గరికి వెళ్ళండి. వాడు డాలుతో కొట్టడానికి మీదికి దూకినప్పుడు పక్కకి జరిగితే వీపు మీద నారింజ రంగు మాంసం కనిపిస్తుంది. అక్కడ ఒక్క పిస్టల్ తూటా చాలు. ఇదీ ఎడమ స్టిక్ పనే చూశారా.

లైబ్రరీ అనే లెవెల్ గురించి ముందే చెప్పేస్తాను. ఒకేలా ఉండే హాళ్ళు, ఎటు చూసినా ఫ్లడ్ అనే పరాన్నజీవుల గుంపులు. చాలామంది అక్కడే గేమ్ ఆపేస్తారు. షాట్‌గన్ వదలకుండా, వెనక్కి నడుస్తూ కాల్చండి. నాకు ఆ లెవెల్ మిగతావాటి కంటే బలహీనంగానే అనిపిస్తుంది. అయినా దాటండి, తర్వాత వచ్చే టూ బిట్రేయల్స్‌లో ఫ్లడ్, కవనెంట్ (ఎలీట్, గ్రంట్స్ ఉండే సేన) ఒకళ్ళతో ఒకళ్ళు కొట్టుకుంటుంటే చాటున నిలబడి చూడటం ఈ గేమ్‌లో నాకు బాగా ఇష్టమైన అనుభవం.

హీరోయిక్ మరీ టెన్షన్‌గా ఉంటే నార్మల్‌కి దిగండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నార్మల్‌లో మొదట్లోనే దీపాల వైపు చూడమని చెప్పి, పైకీ కిందకీ చూపు మీకు ఎలా అలవాటో గేమే సరిచూసుకుంటుంది.

చివరగా, ఇంట్లో అన్నయ్యో చెల్లెలో ఉంటే రెండో కంట్రోలర్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ మొదటి గేమ్ కథని ఒకే టీవీ మీద స్క్రీన్ రెండు ముక్కలు చేసుకుని ఇద్దరూ ఆడొచ్చు. ఒకళ్ళు ప్లాస్మా పిస్టల్, ఇంకొకళ్ళు మామూలు పిస్టల్ పట్టుకుంటే ఎలీట్ పని ఇంకా సులువు. అందరూ కొత్తది ఆడమంటున్నారని హేలో ఇన్ఫినిట్‌కి మాత్రం ఈ పని మీద వెళ్ళకండి. దాని కథకి స్ప్లిట్ స్క్రీన్ ఇస్తామని చెప్పి 2022లో రద్దు చేశారు. ఇది అయ్యాక అదే కలెక్షన్‌లో హేలో 2 పెట్టుకోండి. అందులో ఎలీట్ వైపు నుంచి కూడా ఆడతారు.