పోపుల డబ్బాలో డబ్బుకూ లెక్క చెప్పాలా?

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఇదివరకు కుట్టుకూలి నోట్లుగా చేతికి వచ్చేది. ఇప్పుడు అందరూ స్కాన్ చేసి ఖాతాలో వేస్తున్నారు. మా వారు ప్రతి ఆదివారం నా ఫోను తీసుకుని ఎవరికి ఎంత పంపానో చూస్తారు. మా అమ్మ మందులకు పంపిన డబ్బు గురించి, నేను చేయించుకున్న రక్తపరీక్ష గురించి అలాగే అడిగారు. కోప్పడరు. ‘తప్పు చేయనప్పుడు దాచడం దేనికి?’ అంటారు. నాకు మాత్రం ఊపిరాడదు. కుట్టుకూలి నోట్లుగానే ఇమ్మని అడగడం తప్పా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: తప్పు కాదు చెల్లెమ్మా. మీ కష్టార్జితాన్ని ఏ రూపంలో తీసుకోవాలో నిర్ణయించుకునే హక్కు మీదే.

నేను బ్యాంకు కౌంటరులో చాలా ఏళ్లు పనిచేశాను. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయ్యాక వచ్చిన వారాలు నాకు బాగా గుర్తు. పోపుల డబ్బాల్లోంచి, బియ్యం డబ్బాల అడుగునుంచి తీసిన మడతల నోట్లతో ఆడవాళ్లు వరుస కట్టారు. ఇంట్లో తెలియకుండా ఖాతాలో వేయగలమా అని గొంతు తగ్గించి అడిగినవాళ్లు ఎందరో. అది దొంగసొమ్ము కాదు. కూతురి ఫీజు, పుట్టింటి కష్టం, తన ఒంట్లో నలత, వీటి కోసం కూడబెట్టుకున్నది. ఎవరినీ అడగక్కర్లేని ఆ కాస్త డబ్బే వాళ్ల ధైర్యం. ఆ నెలలో అది బయటపడింది. ఇప్పుడు ప్రతి చెల్లింపూ పేరు, తేదీ, సమయంతో సహా ఫోనులో నమోదవుతోంది కనుక అసలు కూడబెట్టుకునే చోటే లేకుండా పోతోంది. నన్ను బాధపెట్టేది ఇదే.

‘దాచడం దేనికి’ అన్న మీవారి మాటకు మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో జవాబుంది. 1986లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టాన్ని (దస్తావేజుల మీద కట్టే స్టాంపు సుంకం చట్టాన్ని) సవరించారు. ఆ సవరణ ప్రకారం కలెక్టరు అధికారమిచ్చిన వ్యక్తి బ్యాంకులోకి వచ్చి ఖాతాదారుల కాగితాలు తనిఖీ చేయవచ్చు, పట్టుకుపోవచ్చు. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన ఆ వివాదంలో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కాగితం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదని, గోప్యత మనిషిదే తప్ప స్థలానిది కాదని చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టారు. తప్పు చేసినవాళ్లకే గోప్యత కావాలని ఈ రెండు తీర్పులూ అనలేదు.

యూపీఐలో మీ చెల్లింపు జాడ మీ బ్యాంకుకు, ఎదుటివారి బ్యాంకుకు, యాప్ సంస్థకు, మధ్యలో లావాదేవీ నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు తెలుస్తుంది. ఒక పనికని పోగైన వివరం మరో పనికీ వాడతారు. 2025 జులైలో బెంగళూరులో చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు యూపీఐ వసూళ్ల లెక్కల ఆధారంగానే వెళ్లాయి. యూపీఐ వద్దు, నగదే ఇవ్వండని కొట్ల ముందు కాగితాలు అంటించారు. పన్ను వసూలు చేయడం ప్రభుత్వ ధర్మమే, కాదనను. కానీ స్కాన్ బోర్డు పెట్టిన రోజున ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక మీ పని. మీ ఫోను లాకు, యూపీఐ పిన్ రెండూ మార్చండి. పిన్ భర్తకైనా చెప్పనక్కర్లేదు. ఖాతా మీ ఒక్కరి పేరున ఉంటే, ఆయన అడిగినా బ్యాంకు వివరాలు ఇవ్వకూడదు. జాయింటు ఖాతా అయితే మాత్రం ఆయనకూ చూసే హక్కుంటుంది. మీ యూపీఐ ఐడీలో ఫోను నంబరే ఉంటే వేరే ఐడీ పెట్టుకోండి, డబ్బిచ్చిన ప్రతివారికీ నంబరు చేరకుండా ఉంటుంది. చిన్న ఖర్చులకు యూపీఐ లైట్ (ముందుగా కొంత డబ్బు వేసుకుని వాడే, యాప్‌లోని చిన్న పర్సు) వాడితే, పాసుపుస్తకంలో దానిలోకి మార్చిన మొత్తమే కనిపిస్తుంది, విడివిడి చెల్లింపులు కనిపించవు. యాప్‌లో మాత్రం ఉంటాయి, అది మరవకండి.

ముందు మీవారితో మాట్లాడండి. కోప్పడని మనిషంటున్నారు కనుక ‘మీ ఫోను నేను చూడను, నాది మీరు చూడకండి’ అని నేరుగా చెప్పి చూడండి. ఒకవేళ మీ సంపాదన లాక్కోవడం, ఖర్చుకు ఇవ్వకపోవడం మొదలైతే అది 2005 గృహహింస చట్టం కింద ఆర్థిక హింస. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయండి.

నోట్లుగా వచ్చిన కూలి ఇంట్లో పెట్టడం భయమనిపిస్తే పోస్టాఫీసులో పొదుపు ఖాతా తెరవండి. 500 రూపాయలు చాలు. ఆధార్, పాన్, ఫొటోలు తీసుకెళ్లండి. పాసుపుస్తకం చూపించి, ఫారం మీద సంతకం పెట్టి డబ్బు తీసుకోవచ్చు. భర్త సంతకం ఎక్కడా అడగరు.