ఆ టూల్‌ను ఆపించకండి

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకోవాలో విద్యార్థులకు చూపించే టూల్ ఒకటి తయారుచేసి, నెలల తరబడి దాన్నే మారుస్తూ కూర్చుంది. తోటివాళ్ళంతా ఏఐ సర్టిఫికెట్ కోర్సుల్లో చేరారు. దీన్ని మాన్పించి అందులో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలు?

జవాబు: మీరు టూల్ గురించి అడిగారు గానీ, అసలు భయం తోటి పిల్లలు ముందుకు వెళ్ళిపోతున్నారని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. రెండో సంవత్సరంలోనే ఎవరూ వెనకబడిపోరు, ఆ దిగులు పెట్టుకోకండి.

ఇంతకీ ఒక్కసారైనా పక్కన కూర్చుని ఆమె ఏం చేస్తోందో చూశారా? చూసి ఉంటే ‘మారుస్తూ కూర్చుంది’ అని రాసేవారు కాదు. ఏ కోర్సు తర్వాత ఏది చదవాలో వరుస పేర్చడం పెద్ద పని కాదు. ఆ పద్ధతిని ఆర్థర్ కాన్ అనే ఆయన 1962లోనే ప్రచురించారు. చిక్కంతా ఆ తర్వాతే. ఒక కుర్రవాడు రెండో సెమిస్టర్‌లో గణితం తప్పాడనుకోండి. అది పాసైతేనే తీసుకోగలిగిన కోర్సు ఏడాదికొకసారి, మూడో సెమిస్టర్ వేళకే ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టబోతే ఎర్ర గుర్తు చూపించి ఊరుకునే టూల్ వల్ల గుండె దడ తప్ప దారి దొరకదు. ‘గణితం పూర్తికాలేదు కాబట్టి ఇప్పుడు కుదరదు, నాలుగులో అది పాసైతే ఐదులో తీసుకోవచ్చు’ అని చెప్పాలి. ఆ ఒక్క ముక్క సరిగ్గా చెప్పాలంటే క్రెడిట్లు (డిగ్రీకి కోర్సుకు ఇన్నని లెక్కలోకి వచ్చే పాయింట్లు), టైమ్‌టేబుల్, ఏ బ్యాచ్‌కు ఏ నిబంధనలన్నదీ అన్నీ చూసుకోవాలి. పైగా వాడేవాళ్ళ చేతికిచ్చి, తను నోరు మెదపకుండా, వాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారో గమనించాలి. మీకు విసుగు తెప్పిస్తున్న మార్పులు అలా పుట్టినవే అయితే ఆమె సరైన దారిలోనే ఉంది.

ఇక ఏఐ. నేర్చుకోవద్దని నేననను. కానీ వీడియోలు చూసి, చివర నాలుగు ప్రశ్నలకు టిక్కులు పెట్టి తెచ్చుకునే సర్టిఫికెట్ మీద నాకు నమ్మకం తక్కువ. ‘నువ్వు చేసిన దానిలో ఏది పనిచేయలేదు, ఎందుకు మార్చావు’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఆ కాగితం జవాబు చెప్పదు. దానికితోడు ప్రతి టూల్‌కూ చాట్‌బాట్ తగిలించడం ఇప్పటి మోజు. ఈ ఏడాది లేని కోర్సును కూడా అది ఉన్నట్టే ధీమాగా చెప్పగలదు. దాన్ని నమ్మినవాడికి క్రెడిట్లు తక్కువయ్యాయన్న సంగతి చివరి సెమిస్టర్‌లో బయటపడుతుంది. విద్యార్థి మామూలు మాటల్లో అడిగింది అర్థం చేసుకోవడానికి ఏఐని వాడుకోవచ్చు. అర్హత లెక్క మాత్రం నిబంధనల ప్రకారం ప్రోగ్రామే కట్టాలి. ఈ తేడా గ్రహించిన పిల్లకు ఏఐ కోర్సు వచ్చే సెలవుల్లో అయినా పట్టుబడుతుంది.

అమ్మాయికి నేను చెప్పేది ఒకటే: చేసిన ప్రతి మార్పుకూ కారణం రాసి పెట్టుకోవాలి, తన సొంత పరీక్షలు మాత్రం తప్పకూడదు. మీరు ఫీజు కట్టే ముందు ఒక సాయంత్రం ఆ టూల్‌ను మీ చేతికిమ్మనండి. ఆ చదువుల గొడవ తెలియని మనిషి ఎక్కడ తికమకపడతాడో ఆమెకు తెలియాలి. సలహాలు మాత్రం ఇవ్వకండి.